నలభై రెండు నిలువులు

మా ముత్తాత తండ్రి పెద్ద బసిరెడ్డి. ఆయన కొడుకు నారపరెడ్డి. నారపరెడ్డి కొడుకు చిన్న బసిరెడ్డి, మా తాత. ఆయన కొడుకు శివారెడ్డి, మా నాయన. నందికొట్కూరుకూ ఓర్వకల్లుకూ నడుమ ఉన్న మా ఊళ్ళో మమ్మల్ని ఎవరూ ఇంటిపేరుతో పిలిచేవారు కాదు. గుర్రమోళ్ళు అంటే చాలు, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసేది. భూములు చాలామందికి ఉండేవి, మిద్దెలు కొందరికి ఉండేవి, గుట్టను గుర్రం మీద ఎక్కే మర్యాద మాత్రం మా ఒక్క ఇంటికే ఉండేది. ఊరికి దక్షిణంగా నల్లగుండ్లగుట్ట, దాని నెత్తిన గుట్టతాత దర్గా. ఉరుసు నాడు హిందువులైనా ముసల్మానులైనా గుట్ట కింద చెప్పులు విడిచి నడిచే ఎక్కాలి. మా ఇంటి మగవాడు ఒక్కడు వెండి గిన్నెలో గంధం పట్టుకుని గుర్రం మీద ఎక్కాలి. కర్నూలు నవాబుల కాలంలో పెద్ద బసిరెడ్డికి దక్కిన మర్యాద అది. మా తలవాకిట్లో గుర్రం ఎక్కింది మొదలు దర్గా గడప ముందు దిగేదాకా అతని కాలు నేలకు తగలకూడదు. తగిలిన ఏడు ఆ మర్యాద ఇంకో ఇంటికి పోతుంది. నాలుగు తరాలు తగలలేదు.

మా ఇంట్లో కుర్చీకి వీపు ఆనించి కూర్చోవడం తప్పు. గుర్రం మీద ఆనుకోవడానికి ఏముంటుందిరా అనేవాడు తాత. అన్నం తినేటప్పుడు, జ్వరం వచ్చి మంచం మీద లేచి కూర్చున్నప్పుడు కూడా మా వీపులు నిటారుగానే ఉండేవి. ఇప్పుడు కడపలో అద్దె ఇంట్లో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా నా వీపు వెనక నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. మొన్న ఒక ఆదివారం రెహానా వచ్చినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉన్నాను. రెహానా మా ఊరి సైకిల్ అంగడి ఖాసిం మామ మనవరాలు. ఓర్వకల్లులో బ్యాంకు ఉద్యోగం. ఖాసిం మామ పోయి రెండు నెలలయింది. ఆ సంగతి నాకు నలభై రోజులు గడిచాక తెలిసింది, అదీ బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే. పరామర్శకు నేను వెళ్ళవలసింది పోయి ఆ పిల్లే నన్ను వెతుక్కుంటూ రావడంతో సిగ్గనిపించింది. కూర్చోమన్నాను. ఆమె సంచిలోంచి నూనె మరకలతో నల్లబడిన ఒక పాత పెళ్ళిపత్రిక తీసి, వెనక్కు తిప్పి నా ముందు పెట్టింది. పెన్సిలుతో గీసిన మూడు దారులు. పక్కన నా చేతిరాత.

"తాతా, దాదా అంగడి సర్దతాంటే ఇది దొరికె. నీ రాతే అని మా అమ్మ చెప్పె. నేను కొండదావల్లో సైకిల్ పందేలకు పోతాండా. పొద్దున డ్యూటీకి ముందు నాకు ఉండేది ఒక్క గంట. ఆ గంటలో ఎంత ఎత్తు ఎక్కితే అంత మేలు. నాకు దూరం వద్దు, ఎత్తు కావల్ల. ఫోన్లో చూస్తే అంతా సాపు దావలే. ఇది చూసినాక గదా తెలిసె, మా దాదా నువ్వూ ఎప్పుడో ఈ లెక్కంతా చేసిపెట్టినారని."

"తొక్కి చూసినావా?"

"మొదటిది తొక్కినా, చెరువుకట్ట. దాని మీద ఇప్పుడు సిమెంటు యేసినారు. రెండోది రాతికొండల ఎనక బండ్లబాట. శానా కష్టముండాది, శానా బాగుండాది. మూడోదే తెలీలేదు." ఆమె వేలు పత్రిక మీద జరుగుతూ పోయింది. ఆ వేలు మూడో దారి దాకా రాకుండా ఉంటే బాగుండునని నేను అనుకున్నాను. కాఫీ తెస్తానని లేచాను. వంటింట్లో పాలగిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆ పత్రిక వెనక గీతలు గీసింది ఒక ఉరుసుకు ముందు నలభై రోజుల్లో.

నేను పదో తరగతిలో ఉన్నాను. ఆ ఏడు వేసవిలో చెరువు అవతల బండల మీద గుర్రం జారి నాయన తుంటి విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచాక కర్ర పట్టుకుని నడవగలిగాడు కానీ కాలు ఎత్తి గుర్రం ఎక్కలేకపోయాడు. ఆ తరువాత ఒక పొద్దున కొట్టంలో గుర్రం లేదు. దాని పేరు చంద్రి. కర్నూలులో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన వచ్చి తోలుకుపోయాడని పాలేరు చెప్పాడు. నాయన మాత్రం "పంపించినా" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకో మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. జీను మాత్రం కొట్టంలో కొయ్యకే వేలాడేది. శుక్రవారం శుక్రవారం నాయన దాన్ని దించి, ఆముదంలో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్ళీ తగిలించేవాడు. తోలు వాసన, ఆముదం వాసన, ఎండిన లద్దె వాసన కలిసి గుర్రం ఇంకా లోపలే ఉన్నట్టు ఉండేది. మా అవ్వకు చెవి మందగించింది గానీ, సాయంత్రాలు వీధిలో డెక్కల చప్పుడు వినిపిస్తోందని అరుగు మీదికి వచ్చి నిలబడేది. గుర్రానికని తెచ్చిన ఉలవలు గాదెలో సగం మిగిలిపోయాయి.

ఉరుసుకు నలభై రోజులుందనగా పీర్లసావిడిలో పెద్దలు కూర్చున్నారు. దర్గా చూసుకునే ముజావరు హుసేన్ తాత నడుమ, ఒక పక్క నాయన, ఇంకో పక్క మిద్దింటి ఓబుళరెడ్డి. ఓబుళరెడ్డి ఆ ఏడే ట్రాక్టరు కొన్నాడు. దాని ఇంజను మీద పూలదండ ఇంకా వాడిపోలేదు. "గుర్రం లేకపోతే ఏముందప్పా, నా ట్రాక్టరు ఉండాది. గంధం నేను ఎక్కిస్తా" అన్నాడు. నాయన కర్ర మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. "మా వాడు ఎక్కిస్తాడు" అన్నాడు. "దేని మీద?" అని ఓబుళరెడ్డి అడిగాడు. నాయన సావిడి గోడకు ఆనించి ఉన్న నా సైకిల్ వైపు చూశాడు. అందరూ నవ్వారు. ముజావరు ఒక్కడే నవ్వలేదు. గడ్డం దువ్వుకుంటూ ఓబుళరెడ్డి వైపు తిరిగాడు.

"గుర్రమైతేనేమి, సైకిలైతేనేమి, ఎక్కి కూర్చునేదే గదా. కాలు నేలకు తగలకూడదనేది ఒకటే పద్ధతి. తగలకుండా ఎక్కితే గుర్రమోళ్ళదే మర్యాద. తగిల్తే వచ్చే ఏటినుంచి ఓబుళరెడ్డిది. ఏమప్పా, సమ్మతమేనా?"

"సమ్మతమే. గుర్రమోళ్ళ గుర్రానికి గాలి మాత్రం బాగా కొట్టించుకోండి" అన్నాడు ఓబుళరెడ్డి.

నాయన నన్ను అడగలేదు. ఇంటికి వచ్చాక కూడా అడగలేదు. నాకు ఆ గుట్ట బాగా తెలుసు. అడుగు నుంచి దర్గా దాకా ఐదు మలుపులు. మూడో మలుపులో దారి పక్కన ఏనుగంత నల్లగుండు ఉంటుంది, అక్కడ చంద్రి కూడా ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకునేది. సైకిల్ ఆగితే కాలు కింద పెట్టక తప్పదు. ఆ సాయంత్రం అన్నానికి కూర్చుంటే, నాలుగు తరాల మగవాళ్ళు వరసగా కూర్చుని నా కాళ్ళ వైపు చూస్తున్నట్టు అనిపించింది.

తెల్లవారి ఖాసిం మామ అంగడికి వెళ్ళాను. బస్సు రోడ్డు దగ్గర రేకుల చప్పరం, ముందు వేలాడే పాత టైర్లు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. ఖాసిం మామ పొట్టివాడు, బీడీ నోట్లోంచి తీయకుండానే మాట్లాడేవాడు. సంగతంతా విని సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి చక్రం ఒకసారి తిప్పాడు.

"చిన్నరెడ్డీ, గుట్ట మీదనే దినామూ తొక్కి నేర్చుకుంటే పోలే?"

"ఊరంతా చూస్తాది మామా. నేను దిగి నెట్టుకుంటూ పోతాంటే చూడకూడదని అవ్వ చెప్పింది."

"అవ్వ చెప్పిందా, నీకే సిగ్గా?"

ఆయన నవ్వి, వెనక పళ్ళచక్రం విప్పి అంతకంటే పెద్దది బిగించాడు, చైను లింకులు కొన్ని పెంచాడు. "ఇప్పుడు తొక్కితే మెల్లగా పోతాది, కానీ ఎక్కుతాది" అన్నాడు. అప్పుడు కూర్చుని అసలు మాట చెప్పాడు. మనిషిని చంపేది దూరం కాదట, ఎత్తు. నాకు బడికి ముందు ఒక్క గంట ఉంది. ఆ గంటలో సాపు నేల మీద తొక్కినంతసేపూ దండగ. గుట్ట ఎంత ఎత్తుందో అంత ఎత్తు, ఆ గంటలో, ఎవరి కంటా పడకుండా ఎక్కే దారులు కట్టాలి. "దర్జీ గుడ్డ కత్తిరించినట్టు దావను కత్తిరించల్ల. సాపుది తీసి పారెయ్. ఎగువది ఉంచు. దిగువది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు."

ముందు గుట్ట ఎత్తు తెలియాలి. ఖాసిం మామ మేస్త్రీ దగ్గర నీళ్ళ పైపు తెచ్చాడు, గోడలకు మట్టం చూసే సన్నని పారదర్శకపు పైపు. దర్గా దగ్గర నీళ్ళ తొట్టి కట్టడానికి కొలతలని ఊళ్ళో చెప్పాడు. ఆయన కింద నిలబడి పైపు కొసను నడినెత్తి దగ్గర పట్టుకునేవాడు. రెండో కొస పట్టుకుని నేను ఎగువకు నడిచేవాణ్ణి. నా కొసలో నీళ్ళు ఎక్కడ నేలకు సమంగా నిలిస్తే అక్కడికి ఒక నిలువు. అక్కడ సున్నం గుర్తు పెట్టి, ఆయన అక్కడికి వచ్చి నిలబడితే నేను ఇంకా పైకి పోవాలి. అడుగు నుంచి దర్గా గడప దాకా ఖాసిం మామ ఎత్తున నలభై రెండు నిలువులు వచ్చాయి. ఆయన ఇంకొంచెం పొడుగై ఉంటే గుట్ట ఇంకొంచెం పొట్టిదయ్యేదని నాకు ఆ వయసులో గట్టిగా అనిపించింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

అంగట్లో కాగితం లేక ఎవరిదో పెళ్ళిపత్రిక వెనక దారులు గీశాం. చెరువుకట్ట మూడు నిలువులు; లోపలి వైపు నుంచి ఎక్కి, బయటి వైపు దిగి, మళ్ళీ తిరిగి ఎక్కితే పద్నాలుగు సార్లకు గుట్ట ఎత్తు పూర్తవుతుంది. అది మొదటి దారి. దూరం చూస్తే మైలు కూడా లేదు. రాతికొండల వెనక, బండలు తోలే బండ్లబాట పదకొండు నిలువులు, పొట్టిగా, నిట్టనిలువుగా. దాన్ని నాలుగు సార్లు ఎక్కాలి. అది రెండో దారి. చెరువుకట్ట దగ్గర చాకలివాళ్ళు సోమ, బుధవారాలు తెల్లవారుతూనే వస్తారు కాబట్టి ఆ రెండు రోజులూ పనికిరావు. బండ్లబాట నుంచి ఓబుళరెడ్డి కళ్ళం కనపడుతుంది కాబట్టి మూడో ఎక్కుడు చింతచెట్ల చాటుగా మలపాలి. మూడోది అసలు గుట్ట దారి, ఒక్కో మలుపు దగ్గర నిలువుల లెక్కతో. దాన్ని గీశామే తప్ప తొక్కలేదు. రోజూ బడికి పోయే ముందు దాన్ని వేలితో ఎక్కేవాణ్ణి. మూడో మలుపు దగ్గర వేలు కూడా ఆగేది.

ఆ రోజుల్లో నాకు ఊళ్ళో ఇళ్ళు, చెట్లు, మనుషులు కనపడేవి కావు. నేల ఎక్కడ లేస్తుంది, ఎక్కడ పడుతుంది, అదొక్కటే కనపడేది. బడిలో లెక్కల సారు నల్లబల్ల మీద గీత వంకరగా గీస్తే అది ఎన్ని నిలువులని చూసేవాణ్ణి. ఎక్కడ తప్పెట చప్పుడైనా ఉరుసు వచ్చేసిందని లేచి నిలబడేవాణ్ణి. పొద్దున్నే అవ్వ తలవాకిట్లో నా అరికాళ్ళకు తడి పసుపు రాసి సైకిల్ ఎక్కించేది. ఉరుసు నాడు ఉత్తకాళ్ళతోనే ఎక్కాలి గనుక ఇప్పటినుంచే అలవాటు కావాలనేది. తిరిగి వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి అరికాళ్ళు చూసేది. పసుపుకు మట్టి అంటుకుని ఉంటే కాలు నేలకు తగిలినట్టు. ఆ పూట ఆమె సంగటిలో నెయ్యి వేసేది కాదు. మొదటి పన్నెండు రోజులూ నేను నెయ్యి ఎరగను. ఉడకబెట్టిన ఉలవలు మాత్రం రెండు పూటలా పెట్టేది.

"గుర్రం తిండి నాకెందుకవ్వా?"

"గుర్రం పని చేసేటోనికి గుర్రం తిండే. తిను. సకిలిస్తే మాత్రం బయటికి పోయి సకిలించు."

ఇరవయ్యో రోజుకు చెరువుకట్ట పద్నాలుగు సార్లూ ఆగకుండా ఎక్కాను. బ్రేకు రబ్బర్లు రెండు జతలు అరిగాయి. ముప్పయ్యో రోజుకు బండ్లబాట నాలుగు సార్లు ఎక్కాను. ఇంటికి వచ్చి అరికాళ్ళు చూపిస్తే పసుపు పొద్దున రాసినట్టే ఉంది. అవ్వ నెయ్యి గిన్నె బోర్లించినంత పని చేసింది. నాయన జీను తుడుస్తూ కొట్టంలోంచి చూశాడు. ఆ సాయంత్రం మొదటిసారి తనంతట తాను నా పక్కన కూర్చున్నాడు. మా ఇద్దరి వీపులూ గోడకు తగలలేదు.

ఉరుసు ఎనిమిది రోజులుందనగా అవ్వ పెట్టెలోంచి వెండి గిన్నె తీసి చింతపండుతో తోమించింది. ఖాసిం మామ బ్రేకులు బిగించడానికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ గిన్నె నా చేతికిచ్చి చూస్తూ, "కుడిచేత్తోనే పట్టుకోవల్ల నాయనా, రొమ్ము దగ్గర. ఎడమచెయ్యి తగలకూడదు" అంది. నేను గిన్నె వైపు చూశాను, సైకిల్ హ్యాండిల్ వైపు చూశాను. ఖాసిం మామ నోట్లో బీడీ ఆరిపోయింది. నలభై రెండు నిలువులు కొలిచాం, చక్రం పళ్ళు లెక్కబెట్టాం, చాకలివాళ్ళ వారాలు చూసుకున్నాం. గంధం గిన్నె ఎవరు మోస్తారని మాకు ఇద్దరికీ తోచలేదు. గుర్రానికి దారి తెలుసు, కళ్ళెం వదిలేసినా పోతుంది. రెండు చేతులూ బిగబట్టి, హ్యాండిల్‌ను రొమ్ము దాకా లాగుతూ తొక్కితే గాని ఎక్కని ఎత్తును నేను ఒంటిచేత్తో ఎక్కాలి.

"మెడకు కట్టుకుంటే?" అన్నాడు ఖాసిం మామ.

"మెడకు కట్టేది పశువులకు" అన్నాడు నాయన లోపలినుంచి.

ఆ ఎనిమిది రోజులకని ఖాసిం మామ దారులన్నీ మళ్ళీ కత్తిరించాడు. ఇక గంట అక్కరలేదు, మైలు అక్కరలేదు. బండ్లబాటలో అన్నిటికంటే నిలువైన ఇరవై బారలు చాలు. చెంబులో నీళ్ళు పోసుకుని కుడిచేత పట్టుకుని, ఎడమచేత్తో హ్యాండిల్ నడుమ పట్టుకుని, దారికి అడ్డంగా ఆ అంచు నుంచి ఈ అంచుకు పాములా తొక్కాలి. పడ్డాను. మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోయాయి. చెంబు సొట్టలు పడింది. అరికాళ్ళ పసుపు మళ్ళీ మట్టిరంగుకు తిరిగింది. అవ్వ అరికాళ్ళు చూడడం మానేసింది. అది నెయ్యి మానేయడం కంటే కష్టంగా ఉండేది. చివరి పొద్దున ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇరవై బారలూ ఎక్కాను. చెంబులో గుక్కెడు నీళ్ళు మిగిలాయి. ఖాసిం మామ ఆ నీళ్ళు తానే తాగి "చాలు" అన్నాడు. చాలదని ఆయన ముఖమే చెప్పింది.

ఉరుసు నాడు ఎండ తిరిగాక తప్పెట్లు మొదలయ్యాయి. ఊదు పొగ, మల్లెల చాదరు, బూందీ అంగళ్ళు, గుట్ట కింద చెప్పుల కుప్పలు. నాయన తెల్లని పంచె కట్టి, కర్ర మీద నిలబడి, నేను సైకిల్ ఎక్కుతుంటే వెనక సీటు పట్టుకున్నాడు. ఆయన చేయి వదిలినప్పుడు నాకు తెలియలేదు. ఊరి వీధి దాటి గుట్ట అడుగుకు వచ్చాను. జనం రెండు పక్కలా విడిపోయారు. మొదటి మలుపు ఎక్కాను. రెండో మలుపు దగ్గర "లెయ్ చిన్నరెడ్డీ, లెయ్!" అని ఖాసిం మామ పక్కనే పరుగెత్తుతున్నాడు, తాకకుండా. రొమ్ము దగ్గర గంధం చల్లగా, ఆ వాసన ముక్కులో నిండిపోయి ఊపిరి ఆడనివ్వడం లేదు. మూడో మలుపు. నల్లగుండు. అడ్డంగా తిప్పబోయాను. కంకరలో ముందు చక్రం జారింది.

అప్పుడు నాకు రెండు పనులు చేయడానికి వీలుండింది. ఆ క్షణం నేను మరచిపోలేదు. ఎడమకాలు కింద పెడితే సైకిల్ నిలిచేది, గిన్నె నా చేతిలో అలాగే ఉండేది. నేను కాలు పెట్టలేదు. రెండు పాదాలూ పెడళ్ళ మీదనే బిగబట్టుకుని, సైకిల్‌తో సహా, గిన్నెతో సహా గుండు మీద పడ్డాను. భుజం తగిలింది, తల తగిలింది. గంధమంతా గుండు మీద పడి కారింది. కిందపడి ఉండగానే రెండు కాళ్ళూ పైకెత్తి అరిచాను. "కాలు తగల్లేదు! కాలు తగల్లేదు!"

తప్పెట్లు ఆగిపోయాయి. "కాలు తప్ప మిగిలిందంతా తగిలె గదప్పా!" అన్నాడు ఓబుళరెడ్డి. గుట్ట మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనింకా కాళ్ళు ఎత్తుకునే ఉన్నాను. ముజావరు హుసేన్ తాత వచ్చి నా అరికాళ్ళు చూశాడు. పసుపు అలాగే ఉంది. తరువాత గుండు వైపు తిరిగి, కారుతున్న గంధాన్ని అరచేత్తో అద్ది కళ్ళకు రాసుకున్నాడు. "పద్ధతి ప్రకారం కాలు తగల్లేదు. మర్యాద గుర్రమోళ్ళదే. గుట్టతాత ఈ ఏడు ఈడిదాకా దిగొచ్చి గంధం తీసుకున్నాడు, అంతే" అన్నాడు. ఓబుళరెడ్డి కూడా వంగి గుండును తాకి చేయి కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు నాయన వచ్చాడు. విరిగిన తుంటితో, కర్ర పట్టుకుని, నడిచి. ఉరుసు నాడు మా ఇంటి మగవాడు ఆ గుట్ట మీద నేల మీద కాలు పెట్టి నడవడం అదే మొదలు. మూడు మలుపులు ఎక్కేసరికి ఆయన పంచె చెమటకు తడిసిపోయింది. గిన్నె తీసుకుని, అడుగున మిగిలిన గంధాన్ని వేలితో దగ్గరికి తీశాడు.

"కాలు పెట్టుంటే గిన్నె నిలిచేదా?" అని నన్ను అడిగాడు, ఎవరికీ వినపడకుండా.

"నిలిచేది నాయనా."

ఆయన తల ఊపాడు. మిగిలిన రెండు మలుపులూ ఆయన గిన్నె పట్టుకుని నడిచే ఎక్కాడు. వెనక నేను సైకిల్ నెట్టుకుంటూ ఎక్కాను. ఆ తరువాత మా ఇంటివాళ్ళెవరూ ఆ గుట్టను దేని మీదా ఎక్కలేదు. ప్రతి ఉరుసుకూ మొదటి గంధం నల్లగుండుకే పూసి, మిగతాది దర్గాకు నడిచి తీసుకుపోయేవాళ్ళం. నేను కాలు పెట్టి ఉండవలసిందా అని నాయన పోయేదాకా ఆయన్ను అడగాలనుకున్నాను. అడగలేదు. కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషిని అటువంటివి అడగడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

కాఫీ తెచ్చేసరికి రెహానా ఫోన్లో లెక్కలు చూస్తోంది. దాదా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు కదా, దాన్ని నలభై రెండుతో గుణించానంది. దాదా కొలతకూ తన ఫోను కొలతకూ చెరువుకట్ట పద్నాలుగు ఎక్కుళ్ళూ కలిపితే బారెడు కూడా తేడా రాలేదని మురిసిపోయింది. ఇప్పుడు ఉరుసుకు ఉత్తరం వైపు నుంచి తారు రోడ్డు పడిందనీ, ఆటోలు, బైకులు, కార్లు దర్గా గడప దాకా పోతాయనీ చెప్పింది. నాకు తెలుసు. ఇప్పుడు ఊళ్ళో ఎవరి కాలూ నేలకు తగలదు. ఒక ఇంటికి నాలుగు తరాలు దక్కిన మర్యాద ఇప్పుడు పెట్రోలు పోయించుకున్న ప్రతివాడికీ ఉంది. దానికి బాధపడాలో సంతోషించాలో నాకు ఇప్పటికీ తేలలేదు. గుట్ట ఎక్కడానికి ఈ కాలంలో దిగులుపడేది ఈ పిల్ల ఒక్కతే, అదీ కావాలని.

"ఉత్తరం రోడ్డు వాలు తక్కువ తాతా, నాకు పనికిరాదు. నాకు ఈ మూడోదే కావల్ల. ఐదు మలుపులు రాసినారు గదా. పోయిన ఆదివారం దక్షిణం పక్కంతా తిరిగినా. ఈ మూడో మలుపు, ఈ గుండు, యాడుండాయో చెప్పు. ఈడ దావ ఉన్నట్టే లేదే. పెద్ద గుంత ఉండాది, అంతే."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె జవాబు కోసం ఆగకుండా, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "గుండు అంటే గుర్తొచ్చె. దాదా అంగట్లో పిడికెడు నల్లరాయి ఒకటి ఉండేది తాతా, పనిముట్ల పెట్టెలో. ఉరుసు వస్తే దానికి గంధం పూసి ఊదు పెట్టేటోడు. యాడిది దాదా, ఏం రాయి దాదా అని ఎన్నిసార్లడిగినా చెప్పలే. చిన్నరెడ్డిని అడగాల, నన్నడగొద్దు అనేటోడు. చిన్నరెడ్డి అంటే నువ్వే గదా?"

నేనే. ఆ రాయి ఖాసిం మామ ఏ రోజు, ఏ కుప్పలోంచి ఏరుకుని ఉంటాడో నాకు తెలుసు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. బాగుండావా చిన్నరెడ్డీ అని అడిగేవాడు. రాయి సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ ఆయన అంగడి ముందు నుంచి పోవలసి వస్తే మెడ నిటారుగా పెట్టుకుని పోయేవాణ్ణి.

రెహానాకు చెప్పాను. ఎందుకు అమ్మవలసి వచ్చిందో చెప్పబోయి మానుకున్నాను. నా దగ్గర ఉన్న కారణాలన్నీ అమ్మినవాళ్ళందరూ చెప్పేవే. దర్గా చుట్టూ ఉన్న నేల దర్గాది. దాని కింద దక్షిణపు వాలు మా ఇంటి పట్టా. నాయన పోయిన మూడో ఏడు నల్లగుండ్లగుట్ట దక్షిణపు వైపును, అడుగు నుంచి నాలుగో మలుపు దాకా, మూడో మలుపులోని గుండుతో సహా, కంకర మిషనువాళ్ళకు అమ్మింది నేను.